డబ్బు కట్టారు, డొమైన్ చేతికొచ్చింది, హక్కు మాత్రం రాలేదు: ఒక కేస్ స్టడీ

ఇందులోని రెండు పక్షాలనూ, డొమైన్ పేరునూ గుర్తుపట్టగల వివరాలు తీసేశాం. రోజుల లెక్కనూ జరిగిన క్రమాన్నీ మాత్రం మార్చలేదు. ఈ కేసుకు ప్రాణం అందులోనే ఉంది.

నేపథ్యం

కొన్నది ఆరుగురితో నడిచే సాఫ్ట్‌వేర్ సంస్థ. ఈ వివాదంలో వాళ్ల పక్షాన సలహా ఇచ్చింది మేమే. కొత్త ఉత్పత్తికి పొట్టి డాట్ కామ్ పేరు వెతుకుతుంటే, నిఘంటువులో ఉండే ఒకే మాటతో, ఆరక్షరాల పేరు అమ్మకానికి కనబడింది. అడిగిన ధర 20,000 డాలర్లు. రెండు ఈమెయిళ్లలోనే 12,500కు దిగింది. సంస్థ ఎస్క్రో (అమ్మకం పూర్తయ్యేదాకా సొమ్మును తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి సేవ) వాడింది, ఇన్వాయిస్ తీసుకుంది, ఆ పేరు ఎవరి ట్రేడ్‌మార్కుకైనా తగులుతుందేమోనని వెతికింది. అందరూ చెప్పే జాగ్రత్తలన్నీ తీసుకుంది. కానీ వాటిలో ఏ ఒక్కటీ అమ్మేవాడికి అసలు అమ్మే హక్కుందా అన్న ప్రశ్న జోలికి పోదు.

ఎస్క్రో చూసేది ఒక్కటే: డొమైన్ కొన్నవాళ్ల ఖాతాలోకి వచ్చిందా లేదా. వచ్చిందని కొన్నవాళ్లు ఒప్పుకోగానే సొమ్ము అమ్మినవాడికి వెళ్లిపోతుంది. డబ్బు తీసుకుని పేరు ఇవ్వని మోసం నుంచి అది కాపాడుతుంది. ఇచ్చిన పేరు దొంగసొత్తయితే దానికి తెలిసే మార్గం లేదు.

అమ్మినవాడు ఒక షరతు పెట్టాడు. డొమైన్ ఇప్పుడున్న రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థ) దగ్గరే కొనేవాళ్లు ఖాతా తెరవాలి, పుష్ చేస్తాను, మరో రిజిస్ట్రార్‌కు బదిలీ కుదరదు అన్నాడు. పుష్ అంటే ఒకే రిజిస్ట్రార్ లోపల ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జరపడం. దీనికి ఆథ్ కోడ్ (రిజిస్ట్రార్ మారడానికి కావలసిన రహస్య సంకేతం) అక్కర్లేదు, ఐదు రోజుల నిరీక్షణ లేదు, నిమిషాల్లో అయిపోతుంది. కొన్నవాళ్లకు అది సౌకర్యంగానే తోచింది. అసలు కారణం తర్వాత బయటపడింది: అమ్మకానికి 41 రోజుల ముందే ఆ డొమైన్ వేరే రిజిస్ట్రార్ నుంచి అక్కడికి వచ్చింది. అలా వచ్చిన పేరును చాలా రిజిస్ట్రార్లు 60 రోజుల దాకా మళ్లీ బయటికి పంపనివ్వరు. అమ్మినవాడు ఆ గడువు తీరేదాకా ఆగే స్థితిలో లేడు.

సమస్య ఎలా వచ్చింది

పుష్ అయిన పదకొండో వారంలో రిజిస్ట్రార్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఈ పేరు దొంగతనానికి గురైందని మునుపటి రిజిస్ట్రార్ ద్వారా ఫిర్యాదు అందిందనీ, తేలేదాకా డొమైన్‌ను లాక్ చేశామనీ అందులో ఉంది. డొమైన్ నమోదు వివరాలు చూపే ఆర్‌డీఏపీలో చూస్తే క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్, క్లయింట్ అప్‌డేట్ ప్రొహిబిటెడ్ అని రెండు స్థితులు కనిపించాయి. వెబ్‌సైట్ నడుస్తోంది, మెయిల్ వస్తోంది. కానీ పేరును బదిలీ చేయలేరు, ఆ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లు కూడా మార్చలేరు. మర్నాడు ఫిర్యాదుదారు న్యాయవాది నుంచి లేఖ: ఏడు రోజుల్లో తిరిగివ్వండి, లేదా దావా వేస్తాం.

ఇక్కడ క్లయింట్ హోల్డ్ అనే స్థితి లేకపోవడం పెద్ద ఊరట. అది పెడితే పేరు ఇంటర్నెట్‌లో పలకడమే మానేస్తుంది. ఇలాంటి లేఖ అందగానే ముందు ఆ స్థితి చూసుకోవాలి. ఉంటే గంటల్లో పని, లేకుంటే రోజుల్లో పని.

మొదటి వారం: చేసినవి, చేయనివి

పేరును వెంటనే వేరే దేశంలోని రిజిస్ట్రార్‌కు తరలిద్దామన్నది సంస్థకు తట్టిన మొదటి ఆలోచన. లాక్ వల్ల ఎలాగూ కుదరదు. లాక్ లేకపోయినా వద్దనే చెప్పేవాళ్లం. ఫిర్యాదు అందిన క్షణం దాకా సంస్థది నిజాయితీగా కొన్న స్థానం. అందాక పేరును కదిపితే, తెలిసి దాచినట్టు అవుతుంది. ఈ వివాదంలో కొన్నవాళ్లకున్న ఒకే ఒక ఆస్తి ఆ నిజాయితీ. దాన్ని కంగారులో పోగొట్టుకోకూడదు.

రెండో ప్రయత్నం ఇన్వాయిస్, ఎస్క్రో రసీదు, బ్యాంకు కాగితం అన్నీ రిజిస్ట్రార్‌కు పంపి లాక్ తీయమనడం. ఫలించలేదు, ఫలించదు కూడా. రిజిస్ట్రార్ కోర్టు కాదు. ఇద్దరూ రాసుకున్న ఒప్పందమో, కోర్టు ఉత్తర్వో వచ్చేదాకా ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతుంది. పైగా ఆ కాగితాలన్నీ కలిసి రుజువు చేసేది మీరు డబ్బు కట్టారన్నదే. స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎందుకు అడుగుతామో ఇక్కడా అంతే: చివరి అమ్మకం ఎంత సక్రమంగా జరిగినా, వెనక ఒక లంకె తెగి ఉంటే అది నిలవదు.

ఎస్క్రో సంస్థను సొమ్ము వెనక్కి అడిగారు. పరిశీలన గడువు ఎప్పుడో ముగిసింది, డబ్బు వెళ్లిపోయింది. బ్యాంకు వైర్ ద్వారా కట్టారు కాబట్టి కార్డుతో కట్టిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించే చార్జ్‌బ్యాక్ దారీ లేదు. అమ్మినవాడి గుర్తింపు పత్రాలు ఎస్క్రో దగ్గర ఉన్నాయి గానీ, పోలీసులు అడిగితేనే ఇస్తామన్నారు. అందుకని ఆ వారమే పోలీసు ఫిర్యాదు నమోదు చేయించాం. రికార్డులు చెరపకుండా భద్రపరచమని ఎస్క్రోకూ అమ్మకాల వేదికకూ రాతపూర్వకంగా రాశాం. ఎవరు ఎప్పుడేం చేశారో నమోదయ్యే లాగులను వేదిక ఎన్నాళ్లు ఉంచుతుందో మన చేతిలో లేదు. ఈ లేఖ ఆలస్యమైతే తర్వాత ఎవరు అడిగినా చూపించడానికి ఏమీ మిగలకపోవచ్చు.

అమ్మినవాడితో నడిచిన ఈమెయిళ్లను ఫార్వర్డ్ చేయొద్దని, పూర్తి హెడర్లతో (మెయిల్ ఎక్కడి నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పే వివరాలతో) ఫైళ్లుగా దించి పెట్టమని చెప్పాం. ఫార్వర్డ్ చేస్తే మూల హెడర్లు పోతాయి.

లంకె ఎక్కడ తెగింది

తిరిగివ్వాలా, పోరాడాలా అన్నది అప్పుడే తేల్చలేదు. ముందు ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా? పేరు అమ్మి సొమ్ము తీసుకుని, ధర పెరిగాక దొంగతనం జరిగిందనేవాళ్లున్నారు. భాగస్వామికి చెప్పకుండా ఒకరు అమ్మితే, రెండోవారు దాన్ని దొంగతనమే అంటారు. ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు.

డొమైన్ ఎవరి పేరున ఉందో చూపే హూయిజ్ పాత రికార్డులు అమ్మే సేవల్లో ఈ పేరు చరిత్ర తెప్పించాం. 2018 మేలో యూరప్ వ్యక్తిగత సమాచార చట్టం అమల్లోకి వచ్చాక పేర్లు, చిరునామాలు చాలావరకు మరుగునపడ్డాయి. కానీ ఈ డొమైన్ 2003 నుంచి ఉంది. 2018 దాకా పదిహేనేళ్లూ ఒకే పేరు, ఒకే ఈమెయిల్. ఆ పేరు ఫిర్యాదుదారుదే. పాత వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో అన్నేళ్లూ ఒకే చిన్న పేజీ, అందులోనూ ఆయన పేరే. కొనకముందు ఎవరైనా అరగంట కూర్చుని ఉంటే ఇదంతా కనబడేదే, ఆయనకు ఒక ఈమెయిల్ రాయాలని తట్టేదే.

ఆ ఈమెయిల్ చిరునామా దగ్గరే అసలు సంగతి బయటపడింది. అది ఆయన మూసేసిన పాత వ్యాపారపు డొమైన్ మీద ఉంది. దాన్ని రెన్యూ చేయకుండా వదిలేశారు. ఆర్‌డీఏపీలో ఆ పాత డొమైన్ సృష్టి తేదీ చూస్తే, అది పాతది కాదు: మన డొమైన్ రిజిస్ట్రార్ మారడానికి సరిగ్గా 15 రోజుల ముందుది. గడువు తీరి పోయిన పేరును ఎవరైనా కొత్తగా తీసుకుంటే సృష్టి తేదీ మొదటికొస్తుంది. డీఎన్ఎస్ (పేరును సర్వర్లకు కలిపే వ్యవస్థ) పాత వివరాలను దాచే పాసివ్ డీఎన్ఎస్ రికార్డుల్లో, అదే వారంలో దానికి కొత్త ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పేది) పెట్టినట్టు ఉంది. అంటే ఎవరో ఆ డొమైన్‌ను మామూలు ధరకు తీసుకుని, దానిమీద మెయిల్ అందుకోవడం మొదలుపెట్టారు.

మిగతాది మునుపటి రిజిస్ట్రార్ రాతపూర్వకంగా ఇచ్చిన లాగులతో సరిపోయింది. పాత డొమైన్ చేతులు మారిన తొమ్మిదో రోజు పాస్‌వర్డ్ రీసెట్ అడిగారు. పదో రోజు లాక్ తీసి, ఆథ్ కోడ్ తీసుకుని బదిలీ పెట్టారు. రిజిస్ట్రార్ పంపిన హెచ్చరికలన్నీ ఆ మెయిల్‌బాక్స్‌కే వెళ్లాయి, దొంగే చదువుకున్నాడు. ఐదు రోజులు అభ్యంతరం రాలేదు, పదిహేనో రోజు బదిలీ పూర్తయింది. నేమ్‌సర్వర్లను మాత్రం ముట్టుకోలేదు. అందువల్ల అసలు యజమాని పేజీ 41 రోజులు యథాతథంగా నడిచింది, ఆయనకు అనుమానమే రాలేదు. ఆ తర్వాత కూడా ఆ పేజీని రోజూ చూసే పని లేకపోవడంతో, పోయిందని తెలిసి రిజిస్ట్రార్‌ను కదిలించేసరికి పదకొండు వారాలయ్యాయి.

బదిలీతో గడువు ఏడాది పెరుగుతుంది. ఫిర్యాదుదారు దగ్గరున్న చివరి రెన్యూవల్ రసీదు ప్రకారం ఉండాల్సిన గడువుకన్నా ఇప్పటి గడువు సరిగ్గా ఏడాది ఎక్కువ. ఇది చిన్న ఆధారమే గానీ, రసీదు అసలైనదని చెప్పడానికి పనికొచ్చింది.

ఇంత జరిగాక ఆయన్ని ఫిర్యాదుదారు అనడం మానేసి అసలు యజమాని అనడం మొదలుపెట్టాం. మా పక్షానికి ఇది నచ్చే మాట కాదు. కానీ ఎదుటి పక్షం కన్నా ముందే మన బలహీనత మనకు తెలియాలి.

ఏ దారి ఎందుకు కుదరలేదు

యూడీఆర్‌పీ అన్న మాట ఇద్దరి నోటా వచ్చింది. 1999లో వచ్చిన ఈ విధానం, డొమైన్ పేర్లలో ట్రేడ్‌మార్కు కబ్జాలను కోర్టు బయట తేల్చడం కోసం. మూడూ నిరూపించాలి: పేరు తన మార్కును పోలి ఉంది, ఎదుటివారికి న్యాయమైన ప్రయోజనం లేదు, దురుద్దేశంతో రిజిస్టర్ చేయడమే కాక దురుద్దేశంతోనే వాడారు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపోలో ఒక సభ్యుడి ప్యానెల్‌కు ఐదు పేర్ల దాకా 1,500 డాలర్లు, జవాబుకు 20 రోజులు. దావాతో పోలిస్తే చవకే. కానీ ఇక్కడ పేరు మామూలు నిఘంటువు మాట, అసలు యజమానికి మార్కు లేదు, కొన్నవాళ్లకు దురుద్దేశం లేదు. ఆయన వేసి ఉంటే బహుశా ఓడిపోయేవారు. అయితే ఆ గెలుపు మాకు హక్కు తెచ్చిపెట్టదు. ట్రేడ్‌మార్కు ఉల్లంఘన లేదని మాత్రమే తేలుతుంది, దొంగతనం ప్రశ్న అలాగే మిగులుతుంది. యూడీఆర్‌పీ గెలిస్తే చాలని కొన్నవాళ్లు అనుకోవడం ఈ రకం కేసుల్లో తరచూ చూసే పొరపాటు.

డొమైన్ పేర్ల వ్యవస్థకు నియమాలు పెట్టే ఐకాన్ సంస్థ బదిలీ వివాదాల విధానం టీడీఆర్‌పీ ఇంకోటి. దాన్ని రిజిస్ట్రార్లే వేయాలి, డొమైన్ హక్కుదారు నేరుగా వేయలేరు, బదిలీ జరిగిన 12 నెలల్లోపు వేయాలి. మునుపటి రిజిస్ట్రార్ వెనకాడింది. లాగిన్, ఆథ్ కోడ్, ఐదు రోజులు, అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి. దొంగతనం జరిగింది రిజిస్ట్రార్ల మధ్య కాదు, యజమాని మెయిల్‌బాక్స్‌లో.

మిగిలింది కోర్టు. డాట్ కామ్ పేర్లన్నిటి మూల జాబితాను నడిపే రిజిస్ట్రీ వెరిసైన్ అమెరికాలోని వర్జీనియాలో ఉంది. కాబట్టి కొన్నవాళ్లు ఏ దేశంలో ఉన్నా అమెరికా కోర్టు ముందుకు ఆ పేరు వెళ్లే అవకాశం ఉంటుంది. 2003లో క్రెమెన్ వర్సెస్ కోహెన్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, కాలిఫోర్నియా చట్టం కింద డొమైన్ పేరు ఆస్తేనని, దాన్ని కాజేస్తే ఆస్తి కాజేసినట్టేనని చెప్పింది. 2000లో వర్జీనియా సుప్రీంకోర్టు మరో సందర్భంలో దాన్ని సేవా ఒప్పందంగా చూసింది. అన్నిచోట్లా ఒకే మాట లేదు.

మాకు ఎక్కువ ఉపయోగపడింది 2010 నాటి సీఆర్ఎస్ రికవరీ వర్సెస్ లాక్స్‌టన్. అందులోనూ గడువు తీరిన డొమైన్ మీది ఈమెయిల్ ద్వారానే ఇంకో పేరు చేజిక్కించుకున్నారు, ఆ పేరును ఒకరు కొన్నారు. దొంగ దగ్గర కొంటే, ఎంత నిజాయితీగా కొన్నా హక్కు రాదు. యజమానిని మాయచేసి ఆయన చేతనే ఇప్పించుకున్నవాడి దగ్గర కొంటే హక్కు నిలిచే అవకాశం ఉంది. తేడా ఆ గీత దగ్గరే. మన కేసులో యజమాని ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఆయనకు తెలియకుండానే పోయింది. గీతకు తప్పు వైపున ఉన్నామని సంస్థకు సూటిగా చెప్పాం. దావా ఖర్చు డొమైన్ ధరను దాటుతుంది, గెలుపు ఆశ తక్కువ. రాజీయే మేలని సంస్థ ఒప్పుకుంది.

కుదిరింది

రాజీలో కొన్నవాళ్లకు బలం లేదనుకోవడం తప్పు. వాళ్లు సంతకం పెడితే వారాల్లో అయిపోయే పని, పెట్టకపోతే అసలు యజమానికి కూడా ఏళ్ల దావా. ఆ తేడాకు విలువుంది. ఆయన 2,500 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దాన్ని ధర అని రాయనివ్వలేదు, పేరు మార్పిడి ఖర్చులకు సాయం అని రాయించాం. ధర అంటే ఆయన సొంత డొమైన్ ఆయనే కొనుక్కున్నట్టు అవుతుంది, ఇద్దరి పోలీసు ఫిర్యాదులూ బలహీనపడతాయి. ఆ పదకొండు వారాల వాడకం మీద సంస్థను ఆయన ఏమీ అడగరు. అమ్మినవాడి మీద సంస్థకున్న క్లెయిము చెక్కుచెదరదు. అమ్మినవాడే దొంగ అని ఒప్పందంలో ఎక్కడా రాయలేదు, అతనూ ఎవరి దగ్గరో కొని ఉండవచ్చు.

పేరును వెనక్కి చేర్చడానికి కొత్త బదిలీ పెట్టలేదు. పొరపాటునో నియమానికి విరుద్ధంగానో జరిగిన బదిలీని రద్దు చేయమని పాత, కొత్త రిజిస్ట్రార్లు రెండూ ఒప్పుకుని రిజిస్ట్రీకి రాస్తే, అది ఐదు రోజుల్లో వెనక్కి తిప్పాలని ఐకాన్ బదిలీ విధానంలో ఉంది. మొదట వెనకాడిన మునుపటి రిజిస్ట్రార్ గానీ, కొత్తది గానీ, ఇప్పటి హక్కుదారు సంతకం చూశాక అభ్యంతరం చెప్పలేదు. మామూలు బదిలీ అయితే 60 రోజుల లాక్ కొత్తగా మొదలయ్యేది.

సాంకేతికంగా కష్టపెట్టింది డీఎన్ఎస్. సంస్థ జోన్ (ఆ పేరుకు సంబంధించిన డీఎన్ఎస్ రికార్డుల మొత్తం) అంతా కొత్త రిజిస్ట్రార్ ఉచిత నేమ్‌సర్వర్ల మీద ఉంది. డొమైన్ ఖాతాలోంచి పోగానే ఆ జోన్ కూడా పోవచ్చు. ముందే వేరే డీఎన్ఎస్ హోస్ట్‌కు మార్చాలి, మార్చాలంటే అప్‌డేట్ లాక్ తీయాలి. అసలు యజమాని రాతపూర్వక సమ్మతితో 72 గంటల పాటు ఆ ఒక్క లాక్ తీయించాం, ట్రాన్స్‌ఫర్ లాక్ అలాగే ఉంచాం. 24 గంటలు చాలవు. డీఎన్ఎస్ జవాబులకు డిజిటల్ సంతకం చేసే డీఎన్ఎస్‌సెక్ పెట్టి ఉంది కాబట్టి ముందు ఆ సంతకాలను సరిచూడడానికి వాడే డీఎస్ రికార్డు తీసేయాలి, అది కాష్‌ల (సర్వర్లు తాత్కాలికంగా దాచుకున్న కాపీల) నుంచి పోవడానికి 24 గంటలు ఆగాలి, ఆపైనే నేమ్‌సర్వర్లు మార్చాలి. డీఎస్ ఉండగా మారిస్తే సంతకాలు సరిపడక, వాటిని తనిఖీ చేసే రిసాల్వర్లన్నిటికీ (పేరును వెతికిపెట్టే సర్వర్లకు) సైట్ మాయమవుతుంది. డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ రికార్డు 48 గంటలు కాష్‌లో ఉంటుంది కాబట్టి పాత జోన్‌ను అంతకాలం చెరపలేదు.

పేరు చేరాక 60 రోజులు అసలు యజమాని ఆ జోన్‌ను కదపలేదు. వెబ్ చిరునామాలన్నీ 301 రీడైరెక్ట్‌తో (శాశ్వతంగా వేరే చిరునామాకు పంపే ఏర్పాటుతో), సంస్థ దీనికి బదులుగా తీసుకున్న కొత్త పేరుకు వెళ్లాయి. ఆయన ఇచ్చిన మూడు మెయిల్ చిరునామాలు ఆయనకు, మిగతావన్నీ సంస్థకు చేరేలా ఏర్పాటు చేశాం.

12,500 డాలర్లు ఈ రాసే సమయానికి తిరిగి రాలేదు.

పాఠాలు

కొనేముందు పాత హూయిజ్‌లో ఎక్కువకాలం ఉన్న యజమానిని పట్టుకుని, అమ్మేవాడు ఇచ్చిన చిరునామాకు కాకుండా విడిగా దొరికిన చిరునామాకు రాయండి. ఎన్నో ఏళ్లు ఒకచోట ఉన్న పేరు ఈమధ్యే రిజిస్ట్రార్ మారి, వెంటనే తక్కువ ధరకు, పుష్ మాత్రమే అంటూ అమ్మకానికొస్తే ఆగిపోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా మామూలే. మూడూ కలిస్తే కాదు. పాత సంప్రదింపు ఈమెయిల్ ఏ డొమైన్ మీద ఉందో, ఆ డొమైన్ సృష్టి తేదీ ఎప్పటిదో చూడండి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ కేసంతా అందులోనే ఉంది.

అమ్మేవాడిని రెండేళ్ల రెన్యూవల్ రసీదులు అడగండి. ఒప్పందంలో హక్కు తనదేనన్న హామీ, కాకపోతే సొమ్ము తిరిగిస్తానన్న మాట రాయించండి. దొంగ దాన్ని గౌరవించడు. కానీ రాయమనగానే వెనక్కి తగ్గేవాళ్లున్నారు, ఆ తగ్గడమే జవాబు. కొన్నాక కొన్ని నెలలు పాత పేరునే ప్రధానంగా ఉంచుకుని, కొత్తదాన్ని దాని మీదికి తిప్పి వాడండి. ఈ సంస్థ మొదటి వారమే మెయిల్ మొత్తం మార్చేసింది.

దాని ఫలితం చివరిదాకా వెంటాడింది. పేరు వెనక్కి ఇచ్చేముందు, ఆ డొమైన్ ఈమెయిల్‌తో తెరిచిన బయటి ఖాతాలన్నీ జాబితా వేయించాం. పాస్‌వర్డ్ మేనేజర్‌లో 38 తేలాయి. 60 రోజులూ మెయిల్‌బాక్స్‌ను గమనిస్తుంటే మరో తొమ్మిది బయటపడ్డాయి, ఒకటి పేమెంట్ గేట్‌వేది. 52వ రోజున వచ్చిన రెన్యూవల్ గుర్తుచేసే మెయిల్‌తో పదోది తెలిసింది: సంస్థ కొత్త పేరు రిజిస్టర్ చేసిన ఖాతా కూడా, ఎనిమిది రోజుల్లో తమది కాకుండా పోయే ఈమెయిల్ మీదే ఉంది. ఆ సాయంత్రమే మార్చారు.